మందుల కిటికీ ఎత్తు

పదకొండేళ్లుగా ఇదే నా పని.
కొండజిల్లాల ఆసుపత్రులు నడిపేవాళ్లకి
రెండు రోజుల్లో మనసు నేర్పాలి.
మూడో రోజు బస్సు ఛార్జీలు, సర్టిఫికెట్లు.

మొఖోట్లాంగ్‌లో జూలై అంటే
నీళ్లు గొట్టంలోనే గడ్డకట్టే నెల.
ఈసారి తొమ్మిదిమంది వచ్చారు.
ఫోన్లు బల్లమీద బోర్లించి, ఫైళ్లు తెరిచి కూర్చున్నారు.
నేను "ఎదుటివాళ్ల బాధ" అనగానే
తొమ్మిది పెన్నులూ ఒక్కసారే వంగాయి.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు,
రాసుకునేవాడు మరీ లోకువ.

ఆ సాయంత్రం ప్రొజెక్టరు తీగ చుట్టి సంచిలో పడేశాను.
"రేపు తెల్లారుజామున నాలుగింటికి
గేటు బయట వరసలో నిలబడండి.
మెడలో కార్డు వద్దు, కారు వద్దు.
జబ్బు మీరే ఎంచుకోండి."

నవ్వారు. జబ్బుల కోసం కాసేపు బేరాలాడారు.
షుగరు ఇద్దరికి, నడుంనొప్పి నలుగురికి.
ఖాతాల అధికారి రమొచెలె మాత్రం
"నాకు నిజంగానే మోకాలు నొప్పి" అన్నాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు.

నాలుగింటికి చుక్కలు ఇంకా కరగలేదు.
వరసలో అప్పటికే అరవైమంది.
కంచెకి కట్టిన గుర్రాలు
చీకట్లోకి తెల్లటి ఊపిరి వదులుతున్నాయి.
రమొచెలె ముందు ఒక ముసలావిడ,
కప్పుకున్న దుప్పటికి చేతివేలంత పిన్నీసు.
రెండు లోయలు దాటిందట, నిన్న మధ్యాహ్నం బయల్దేరి.
వెనక్కి తిరిగి అడిగింది:
"ఎలా లేచావయ్యా?"

మా భాషలో పొద్దుటి పలకరింపు అంతే.
బదులు పాలతోపాటే వచ్చేస్తుంది,
బాగా లేచాను, మీరెలా లేచారమ్మా, అని.
ఆవిడ అడిగి ఊరుకోలేదు,
అతని ముఖంలోకి చూస్తూ ఆగింది.
అతనికి నోరు పెగల్లేదు.

తర్వాత నాతో అన్నాడు,
ఆఫీసులో ఆ ప్రశ్న అందరూ నడుస్తూనే అడుగుతారని,
జవాబు కోసం ఎవరూ ఆగరని.
కాసేపటికి,
తనూ ఎప్పుడూ ఆగలేదని.

పన్నెండున్నరకి మందుల కిటికీ దగ్గరికి చేరారు.
ఇనప చువ్వలు, కింద చెయ్యి పట్టేంత సందు.
అది మనిషి పొట్టకి ఎదురుగా ఉంటుంది.
మాట లోపలికి చేరాలంటే వంగాలి.
ముసలావిడ వంగింది,
తన జబ్బు పేరు చెప్పింది,
వినపడలేదంటే మళ్లీ చెప్పింది,
వెనక వరసంతా విన్నది.

రమొచెలె వంగాడు. మోకాలు కటుక్కుమంది.
లోపల కుర్చీలో లిమకాత్సో,
తన దగ్గరే జీతం తీసుకునే మనిషి.
ఆమెకి అతని ముఖం కనపడదు,
కోటు గుండీలు, గడ్డకట్టిన వేళ్లు, అంతే.
"చీటీ" అంది.

మధ్యాహ్నం క్లాసులో ఇద్దరు ఏడ్చారు.
ఏడుపులంటే నాకు భయం.
ఏడ్చినవాళ్లు తేలికపడి ఇంటికెళ్లిపోతారు.
అతను ఏడవలేదు.
స్టోరుగదిలోంచి ఒక పాత ఫైలు తీయించాడు.
కిటికీ కొలతలు. సిబ్బంది భద్రత దృష్ట్యా.
కింద, తొమ్మిదేళ్ల కిందటి సిరాలో,
తన సంతకమే.

చాలాసేపు దాన్నే చూశాడు.
"కుర్చీని కొలిచాం" అన్నాడు చివరికి.
"మనిషిని కొలవలేదు."
ఆ మాట నేను రాసుకున్నాను.
తొమ్మిదిమందీ నన్నే చూస్తున్నారు.

పీచు చెట్లు పూశాక అతని దగ్గర్నుంచి కబురొచ్చింది.
కిటికీ మూరెడు పైకి లేపించాడట,
ఇప్పుడు ముఖాలు కనపడుతున్నాయట.
లిమకాత్సోకి ఎత్తు స్టూలు ఇచ్చారట.
కానీ ఆమె కాళ్లు నేలకి అందట్లేదు,
సాయంత్రానికి పాదాలు వాచిపోతున్నాయి,
దానికి ఒక చెక్కపీట చేయిస్తున్నాడు.

ఆమె ఫిర్యాదేమీ రాయలేదట.
ఒకరోజు పొద్దున్నే వెళ్లి
ఎలా లేచావని అడిగి,
ఆగితే,
చెప్పిందట.